మనకు అది నిన్నటి సంగతి

కాలేజీకి వెళ్లే మన పిల్లల్లో కొందరు జార్జ్ ఆర్వెల్ నవల '1984' చదువుతున్నారు. మంచిదే. ఇంటింటా నిఘా తెర, గోడగోడనా పెద్దన్న బొమ్మ, మనసులో మాటకు కూడా శిక్ష. 1949లో అది అచ్చయినప్పటి నుంచీ రేపు ఇలా జరుగుతుందేమోనని మేధావులు హెచ్చరిస్తూనే ఉన్నారు. మనం అడగవలసింది ఒకటే: ఎవరి రేపు? మన తాతలకు అది నిన్నే జరిగిపోయింది.

1871లో తెల్లదొరలు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేశారు. 1911లో కొత్త చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ తెచ్చారు. నేరం రుజువు కానక్కరలేదు, పుట్టుకే రుజువు. ఒక జాతిని నోటిఫై చేస్తే చాలు, మనుషుల పేర్లు రిజిస్టరుకెక్కించి వేలిముద్రలు తీసుకోవచ్చు. చెప్పిన వేళకు హాజరు పలకాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసే అధికారం కూడా సర్కారుకు ఉంది. తల్లీతండ్రీ అన్న మాటే లేని రాజ్యాన్ని హక్స్‌లీ 1932లో ఊహించి రాశాడు. అప్పటికే మన కావలిలో, అమెరికన్ బాప్టిస్టు మిషన్ నడిపిన సెటిల్‌మెంటులో, ఎరుకల కుటుంబాలు హాజరు పలుకుతున్నాయి. బిట్రగుంట పక్కన కప్పరాళ్లతిప్పలో ఇంకో సెటిల్‌మెంటు.

ఆర్వెల్‌కు ఈ లోకం తెలియనిది కాదు. ఆయన పుట్టింది బీహారులోని మోతీహారిలో. 1922 నుంచి 1927 దాకా బర్మాలో తెల్లవాళ్ల పోలీసు అధికారి. అప్పుడు బర్మా ఇండియాలో భాగమే. అయినా '1984'లో బాధితుడు లండన్ ఉద్యోగి. సంకెల తెల్లవాడి గుమ్మందాకా వస్తేనే అది లోకానికి హెచ్చరిక అయింది.

నవలకూ మన బతుక్కూ అసలు తేడా ఇక్కడుంది. నవలలో రాజ్యం నవల చదివేవాడి మీదా కన్నేస్తుంది, అందుకే అతను ఉలిక్కిపడతాడు. నిజంలో కొందరి మీదే కన్నేస్తుంది, మిగతావాళ్లు హాయిగా నిద్రపోతారు. మన మీద నిఘాకు తెర అక్కరలేకపోయింది. గ్రామ పెద్ద, కావలివాడు, భూమి ఆసామి మన సంగతులు పోలీసులకు చేరవేయాలని చట్టమే రాసింది. చిత్రమేమిటంటే ఇదే సీమలో పంటకు కాపలా యానాదినే పెట్టుకున్నారు. పగలు దొంగ అన్న నోటితోనే రాత్రి చేను చూడమన్నారు.

వెన్నెలకంటి రాఘవయ్య వంటివారు పోరాడారు. మద్రాసులో 1947లో, దేశమంతటా 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. దాని స్థానంలో అలవాటు నేరస్తుల చట్టాలు వచ్చాయి. విముక్త జాతుల్ని పుట్టు నేరస్తులుగా చూసే జైలు నిబంధనల్ని సుప్రీంకోర్టు కొట్టేసింది 2024 అక్టోబరు 3న. అంటే రద్దయిన 72 ఏళ్లకు! జైలు పుస్తకాల్లోనే కాదు, ఆ చట్టం ఊళ్లోనూ బతికే ఉంది. చేలో మోటారు పోతే ముందు ఎవరి కాలనీకి వస్తారు? తరగతిలో పెన్ను పోతే ముందు ఎవరి సంచి దులుపుతారు?

పట్టుకోవడానికి మన పేరు రాసుకున్న సర్కారుకు, పెట్టడానికి మాత్రం మన పేరు దొరకదు. ఆధార్ లేదు, కులపత్రం లేదు, రేషన్ లేదు. 1976లోనే వెట్టిచాకిరీని రద్దు చేసిన దేశంలో, అడ్వాన్సు తీరలేదని రొయ్యల గుంటల కాడ కట్టుబడిన కుటుంబాలు ఏ రిజిస్టరులోనూ ఉండవు.

కాబట్టి ఉపాధ్యాయులారా, ఆ నవల చదివించండి, పక్కనే 1911 చట్టం పెట్టి చదివించండి. సెటిల్‌మెంట్ల సంగతి విన్న ముసలివాళ్ల మాటలు పిల్లల చేత రాయించండి. సంచులు వెతకాల్సివస్తే అందరివీ వెతకండి, లేదా ఎవరివీ వద్దు. యువకులారా, విచారణ అని ఎవరినైనా తీసుకుపోతుంటే ఏ కేసు, ఏ కాగితం అని అడగండి. ఒక్కరే వద్దు, పదిమంది వెళ్లి అడగండి. ఎస్టీల మీద తప్పుడు కేసు పెట్టడం 1989 అట్రాసిటీ చట్టం ప్రకారం నేరం. ఆ సెక్షన్ కాలనీలో అందరికీ నోటికి రావాలి.