అడిగినవాళ్ళకే చెప్పాలి

1872లో జార్జి హంటింగ్టన్ అనే 22 ఏళ్ళ అమెరికన్ డాక్టరు ఒక వంశపారంపర్య వ్యాధిని వర్ణించాడు. దానికి ఆయన పేరే స్థిరపడింది. చాలామందికిది 30, 50 ఏళ్ళ మధ్య మొదలవుతుంది. కాళ్ళూ చేతులూ వాటంతటవే కదులుతాయి, మాట తడబడుతుంది, ఆలోచన మందగిస్తుంది. నయంచేసే మందు లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి వుంటే ప్రతి బిడ్డకూ రావటానికీ రాకపోవటానికీ అవకాశం సగం సగం. పెద్దవాడికి వచ్చింది గదా, చిన్నవాడికి రాదులే అనుకోవటానికి వీల్లేదు. బొమ్మా బొరుసూ ప్రతిసారీ కొత్తగా వేసినట్టే.

దీనికి మూలం 4వ క్రోమోసోములోని ఒక జన్యువు. అందులో ఒకచోట సి.ఎ.జి. అనే మూడక్షరాల మాట వరసగా మళ్ళీ మళ్ళీ వస్తుంది. 26 సార్లు, అంతకు తక్కువ అయితే ఇబ్బంది లేదు. 40 గాని అంతకు మించి గాని అయితే, మనిషి తగినంతకాలం బ్రతికితే వ్యాధి వచ్చితీరుతుంది. (మధ్య అంకెల సంగతి కాస్త చిక్కు.) జన్యువు చెప్పినట్టే ప్రోటీను తయారవుతుంది. ఒక్కొక్క సి.ఎ.జి.కి గ్లుటమిన్ అనే ఎమినో ఆమ్లం ఒక్కొక్కటి దండలో చేరుతుంది. మూడువేల పైచిలుకు ఎమినో ఆమ్లాల ప్రోటీనులో ఓ ఇరవై ఎక్కువైతే ఏం మునిగిందనిపిస్తుంది. కాని ఆ పొడుగాటి వరస సరిగా మడతపడదు. దాని ముక్కలు ఒకదానికొకటి అంటుకుని నాడీకణాల్లో గడ్డలు కడతాయి. మెదడు లోతుల్లో వుండే స్ట్రయేటమ్ అనే భాగం ముందుగా దెబ్బతింటుంది. ఆ గడ్డలే విషమా, గడ్డకట్టక ముందరి ముక్కలా అన్న వాదం ఇంకా తేలలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ కణాల్లో సి.ఎ.జి. వరస ఇంకా పొడుగవుతుందని కూడా కనిపెట్టారు.

ఈ జన్యువు 1993లో దొరికింది. వెనిజులాలో మరకైబో సరస్సు ఒడ్డు పల్లెల్లోని కుటుంబాలు ఇచ్చిన నెత్తురు అందుకు ఎంతో సాయపడింది. ఆనాటి నుంచి, ఏ జబ్బూ పైకి కనిపించని 15 ఏళ్ళ కుర్రవాడికి కూడా నెత్తురు చూసి చెప్పెయ్యవచ్చు. చెప్పాలా?

తల్లిదండ్రులు అడిగినా చెప్పగూడదని నా అభిప్రాయం. తెలుసుకోవటం మంచిదే గదా, విజ్ఞానం వద్దంటారేమిటని మీరు అడగవచ్చు. ఫినైల్‌కీటోనూరియా అనే వంశపారంపర్య వ్యాధి వుంది. పుట్టగానే పరీక్షచేసి, తిండి మారిస్తే బిడ్డ మెదడు చెడిపోకుండా కాపాడవచ్చు. అక్కడ పరీక్ష చెయ్యకపోవటమే తప్పు. ఇక్కడ పదిహేనో ఏట తెలిసినందువల్ల చెయ్యగలిగిందేమీ లేదు. ఆ అంకెను మాత్రం వాడు బ్రతికినన్నాళ్ళూ మొయ్యాలి. పరీక్షకు వెళ్ళే హక్కున్న పెద్దవాళ్ళలోనే చాలామంది వెళ్ళటంలేదు. వెనిజులాలో ఆ పరిశోధన నడిపిన నాన్సీ వెక్స్‌లర్ తల్లి ఈ వ్యాధితోనే 1978లో చనిపోయింది. తన సంగతి ఏమిటో ఆమె చాలాకాలం బయటపెట్టలేదు. తనకూ వచ్చిందని 2020లో, తనకు తోచినప్పుడు, తానే చెప్పింది. ఆ స్వేచ్ఛ పిల్లవాడికి మాత్రం ఎందుకుండగూడదు?

వ్యాధి మొదలుకాకముందే ఆపే మందుకోసం ప్రయోగాలు జరుగుతున్నాయి. అది వస్తే నా మాట చెల్లదు. ఏ వయస్సులో పరీక్ష చెయ్యాలో మళ్ళీ మొదటినుంచి ఆలోచించాలి.