పిలువని పిలుపులు

లండను నగరమున కొడుకు కోడండ్రను కాపురముంచిన యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. కోడలి సెల్‌ఫోనునకు దినమునకు రెండు మూడు మారులు క్రొత్త నంబర్లనుండి పిలుపులు వచ్చుచున్నవట. "మీకు ఇటీవల కారు ప్రమాదము జరిగినది గదా, మీకు రావలసిన నష్టపరిహారపు సొమ్ము నిలిచియున్నది" అని యెవరో మర్యాదగల గొంతుతో పలుకుదురట. పిలుపు లేనినాడు అదే మాట మెసేజిగా వచ్చును. ఆ పిల్లకు ప్రమాదమేదియు జరుగలేదు. "తగులని దెబ్బకు సొమ్మెట్లు వచ్చును? ఒకవేళ నిజముగా రావలసినదే యైనచో వదలుకొనుట తెలివితక్కువ గాదా?" అని అత్తగారి ప్రశ్న. బిడ్డలను సీమకు పంపిన తల్లులు మన పాఠకురాండ్రలో ననేకులు గలరు. కావున నీ నెల మా మాటలన్నియు దీనిని గూర్చియే.

మొదట ఆ దేశపు పద్ధతి తెలియవలయును. ఇంగ్లండు, వేల్సులయందు ఒకరి తప్పిదమువలన మరియొకరికి గాయమైనచో, తప్పు చేసినవారి బీమా కంపెనీ పరిహార మీయవలయును. ఇది న్యాయమే. అయితే గాయపడినవారిని వెదకి న్యాయవాదులకు అప్పగించి, తలకింత యని రుసుము పుచ్చుకొను మధ్యవర్తులు బయలుదేరిరి. అట్టి రుసుమును 2013 ఏప్రిల్ 1 నుండి చట్టము నిషేధించినది. వ్యాపారము మాత్రము ఆగలేదు. వేరు దారులు త్రొక్కినది.

మీ కోడలి పేరు వారికెట్లు తెలిసినదని మీ సందేహము. తరచుగా వారికేమియు తెలియదు. యంత్రము వేలకొలది నంబర్లకు ఒకే మాట పంపును. కార్లు నడపువారు లక్షలమంది యున్న దేశమున, అందుకొన్నవారిలో నెవరికో యొకరికి ఆ నడుమ చిన్న తాకిడియైన తగిలియుండక మానదు. ఆమెకు మాత్రము "వీరికి నా సంగతి తెలిసినది" అని తోచును. సోదె చెప్పువారి నేర్పును ఇట్టిదే గదా!

ఈ వ్యాపారమున రాబడి యెంతయో ఒక యుదాహరణము చూడుడు. సమాచార హక్కులను కాపాడుటకు ఆ దేశమున ఒక కమీషనరు కార్యాలయము గలదు, ఐ.సి.ఓ. అందురు. అది 2012 నవంబరులో ఒక సంస్థకు చెందిన ఇరువురికి కలిపి 4,40,000 పౌండ్ల జరిమానా విధించినది. వారు పేరు నమోదుకాని సిమ్ములతో, దినమునకు 8,40,000 వరకు మెసేజీలు పంపి, రోజుకు ఏడెనిమిదివేల పౌండ్లు గడించుచుండిరని ఆ కార్యాలయము ప్రకటించినది. కాని 2013 లో అందొకరి జరిమానాను న్యాయస్థానము కొట్టివేసినది. ఒక్కొక్క మెసేజివలన చెప్పుకోదగిన నష్టముగాని మనస్తాపముగాని కలిగినట్లు ఋజువు కాలేదట! పసిబిడ్డను జోకొట్టి నిద్రపుచ్చిన క్షణముననే ఫోను మ్రోగిన తల్లి నొకతెను సాక్ష్యమునకు పిలిచియుండిన నేమని చెప్పెడిదో. తుదకు 2015 ఏప్రిల్‌లో ఆ నిబంధననే తొలగించిరి. 2018 సెప్టెంబరు 8 నుండి, ముందుగా మన సమ్మతి లేక పరిహారపు దావాలను గూర్చి ఫోను చేయుటయే చట్టవిరుద్ధమైనది. కావున పిలుచువాని గొంతెంత మెత్తనిదైనను, అతడు మొదటి మాటయందే చట్టము మీరినవాడు.

నిజముగా తెలిసి పిలుచువారును లేకపోలేదు. ప్రమాదములో చెడిన కార్లను బాగుచేయు సంస్థలో పనిచేసిన యొకడు, తోటి ఉద్యోగుల గుర్తింపు వివరములతో లోపల చొరబడి, వేలమంది పేర్లను ఫోను నంబర్లను కాజేసినందుకు 2018 నవంబరులో ఆరు నెలల కారాగారశిక్ష పొందెను. కారు బాగుచేయించిన పిమ్మట ఇట్టి పిలుపులు పెరిగినచో ఆ సంగతియు ఫిర్యాదులో వ్రాయవలయును.

ఇక చేయవలసినది. ఎరుగని నంబరునుండి వచ్చిన మెసేజికి బదులీయరాదు. "వలదన్నచో స్టాప్ అని పంపుడు" అని దానియందే యుండును. అట్లు పంపినచో ఈ నంబరు వాడుకలోనున్నదని వారికి రూఢియగును. మన మిదివరలో సరకులు కొన్న దుకాణమైనచో స్టాప్ అనుట మంచిదే. తక్కినవానిని 7726 అను నంబరునకు త్రిప్పి పంపవలయును. దానికి ఖర్చు లేదు. ఫోను మీటలపై స్పామ్ అను ఆంగ్లపదపు అక్షరములకు ఆ అంకెలే వచ్చును గాన గుర్తుంచుకొనుట సులభము. పిలుపు వచ్చినచో పుట్టినతేది, చిరునామా, బ్యాంకు వివరములు చెప్పరాదు. పిలిచిన నంబరును, వేళను వ్రాసికొని ఐ.సి.ఓ. వారికి తెలుపవచ్చును. టెలిఫోన్ ప్రిఫరెన్స్ సర్వీసు అను పట్టికలో నంబరు ఉచితముగా చేర్చుకొనవచ్చును. అది పూర్తిగా పనిచేయుటకు 28 దినములు పట్టును. చట్టమునకు వెరచు వర్తకులను అది ఆపును. వెరవనివారికి కంచె యేమి, గోడ యేమి!

మాకు వీనియన్నిటికంటె భయము గొలుపునది వేరొకటి. "కారు కొంచెము తాకినది గాని దెబ్బలేమియు లేవు" అన్నచో, "మెడ పట్టినట్లు లేదా? నిద్ర చెడలేదా?" అని ఆ పెద్దమనిషి మెల్లగా అందించును. ఒక "అవును" తో బొంకు మొదలగును. పిదప వైద్యుని యెదుట, న్యాయస్థానమున అదే బొంకు నిలుపవలసి వచ్చును. దావాదారుడు మూలమునందే నిజాయితీ తప్పినాడని తేలినచో, అందు నిజమైన గాయమున్నను దావా మొత్తమును కొట్టివేయునట్లు 2015 నాటి చట్టము చెప్పుచున్నది. మోసము ఋజువైనచో చెరసాలయు గలదు. వీసాపై పరదేశమున నున్నవారికి నేరము అంటుకొన్న నెంత చేటో చెప్పనక్కరలేదు.

అట్లని నిజముగా గాయపడిన పిల్ల ఈ పిలుపులను రోసి, తన హక్కును వదలుకొనరాదు. 2021 మే 31 నుండి ఇంగ్లండు, వేల్సులయందు కారులో గాయపడిన పెద్దవారు చిన్న గాయములకు అఫీషియల్ ఇంజురీ క్లెయిమ్ అను సదుపాయముద్వారా తామే, మధ్యవర్తి లేకుండ, రుసుము లేకుండ దావా వేయవచ్చును. మూడు నెలలకు మించని మెడ బెణుకునకు నాడు నిర్ణయించిన పరిహారము 240 పౌండ్లు; 2025 లో కొంత పెంచిరి. మెసేజీలలో వేలకు వేలు చూపుట యెందుకో ఇప్పుడు తెలియును. పిల్లలకు, నడచి పోవువారికి, సైకిలువారికి ఆ మార్గ ముద్దేశింపబడలేదు. వారికి న్యాయవాది కావలయును. గెలిచిన సొమ్ములో నాలుగవవంతు వరకు వారు పుచ్చుకొనవచ్చును గాన ముందే వ్రాతమూలముగా అడిగి తెలిసికొనుడు. సాధారణముగా గడువు మూడేండ్లు; పసివారి విషయమున పదునెనిమిదేండ్లు నిండిన పిదప మూడేండ్లు. కావున "ఈ వారమే ఆఖరు" అని తొందరపెట్టువాని మాట నమ్మనక్కరలేదు.

మన దేశమున వాణిజ్యపు పిలుపులు వలదనుకొన్నవారు 1909 నకు తెలిపి నమోదు చేసికొనవచ్చును.

జాబు వ్రాసిన సోదరి రాబోవు మాసములలో కోడలి పురిటికి లండను వెళ్లుదురట. పగటివేళ ఇంటనుండువారు వారే గాన ఫోను తీయవలసినదియు వారే. ఎదుటివారి మాట ముగియకుండ ఫోను పెట్టివేయుట మనకు అమర్యాదగా దోచును. ఇచట ఆ శంక వలదు. "నో, థాంక్యూ" అని పెట్టివేయవచ్చును. అదియు ననకున్నను తప్పులేదు.