పసికందు రక్తంలో తల్లి రోజులు

సూరత్‌లోని కతర్‌గామ్ అంటే వజ్రాలకు సానపట్టే కార్ఖానాలు గుర్తొస్తాయి. అదే నగరంలో మరమగ్గాలను నమ్ముకుని వెళ్లిన తెలుగువాళ్లూ ఎక్కువే. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. అలాంటి పేటల్లో గర్భిణి రోజులు ఎలా గడుస్తున్నాయన్నది రోగనిరోధక శాస్త్రానికీ సంబంధించిన విషయమే.

తల్లి యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డకు చేరతాయని చాలాకాలంగా తెలుసు. కొన్ని నెలల్లో అవి తరిగిపోతాయి. అంతకన్నా లోతైన సంగతి వేరే ఉంది: బిడ్డ సొంత రోగనిరోధక కణాల్లో ఏ జన్యువు ఎంత చురుగ్గా ఉండాలన్నదానిపైనా తల్లి ప్రభావం కనిపిస్తోంది. డీఎన్‌ఏలోని అక్షరాలు మారవు. వాటిమీద చేరే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు మాత్రం కొన్ని జన్యువుల జోరు తగ్గిస్తాయి. ఆ గుర్తుల తయారీకి ఫోలేట్, బి12 లాంటి పోషకాలు కావాలి.

2011లో వెలువడిన ఒక ఐరోపా అధ్యయనంలో, గర్భంతో ఉండగా పశువుల మధ్య మెలిగిన తల్లుల పిల్లలకు చర్మపు అలర్జీ తక్కువగా కనిపించింది. సూక్ష్మజీవులను గుర్తుపట్టే టీఎల్ఆర్5, టీఎల్ఆర్9 జన్యువులు బొడ్డుతాడు రక్తంలో చురుగ్గా ఉన్న పిల్లల్లోనూ ఆ సమస్య తక్కువే. ఇది సంబంధమే, కారణమని రుజువు కాదు. ఆఫ్రికాలోని గాంబియాలో ఆకలి రుతువులో పుట్టినవారు యౌవనంలో ఎక్కువగా చనిపోయారని 1997లో తేలింది. బంగ్లాదేశ్‌లో వెతికితే అలాంటి తేడా దొరకలేదు. ఒక ఊరి ఫలితాన్ని మరో ఊరికి అతికించలేం. దూడల కొట్టాల లెక్కలు మగ్గాల దుమ్ముకు సరిపోవు. సూరత్ లాంటి నగరాల్లోనే బొడ్డుతాడు రక్తాన్ని పరిశీలించాలి.

ఇక్కడొక ప్రమాదముంది. కడుపుతో ఉన్నామెకు మన ఇళ్లలో సలహాలకు కొదవలేదు. కుంకుమపువ్వు నుంచి గ్రహణం దాకా అన్నీ ఆమె మీదే. ఇప్పుడు జన్యువుల పేరుతో ఇంకో నింద మోపడం సులువు. కానీ గదిలో గాలి, పనిగంటలు, చేతికొచ్చే కూలి ఆమె ఎంచుకున్నవి కావు. 26 వారాల ప్రసూతి సెలవు చట్టం పదిమంది, ఆపైన పనిచేసే సంస్థలకు వర్తిస్తుంది. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించి, ముక్కకింత అని కూలి తీసుకునే గర్భిణి ఆ లెక్కలోకి రాదు. ఆమె బిడ్డ కణాలను చదివే ముందు ఆమెకు సెలవిచ్చే దారి వెతకాలి.