మందు మనిషి స్వభావానికా, రోగానికా?

పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అన్నారు పెద్దలు. ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ములకే గుణం ఒకటిగా ఉండదు. ఒకడు చిన్న మాటకే నిప్పులు చెరుగుతాడు. రెండోవాడు ఎంత మాటన్నా మింగి ఊరుకుంటాడు. ఇద్దరికీ ఒకేసారి జలుబు చేసినంత మాత్రాన ఇద్దరికీ ఒకే మందు ఎలా సరిపోతుందని హోమియో వైద్యం అడుగుతుంది. ఈ ప్రశ్న మన పల్లెవాసులకు ఎంతో సబబుగా తోస్తుంది. వాత, పిత్త, కఫ తత్వాల గురించి తాతల నాటి నుంచి వింటున్న మనకు మనిషినిబట్టి మందు అనే మాట కొత్తది కాదు.

పైగా కృష్ణా జిల్లాలో హోమియో వేళ్లు లోతుగా పాతుకున్నాయి. గుడివాడలో 1945లో నెలకొన్న హోమియో కళాశాల నేడు డాక్టర్ గురురాజు ప్రభుత్వ హోమియో వైద్య కళాశాలగా నడుస్తున్నది. తెల్లని పంచదార గుళికల సీసా ఎరుగని ఊరు మన జిల్లాలో ఉండదేమో! కనుక స్వభావాన్నిబట్టి మందు ఇవ్వడమనే పద్ధతిలో మంచి ఎంత, ప్రమాదం ఎంత అన్నది డాక్టర్ల మధ్య తగవుగా వదిలివేయదగిన విషయం కాదు. గుళికలు వేసుకునేది మనం. నమ్మకం పెట్టుకునేది మనం. నష్టం జరిగితే అనుభవించేదీ మనమే.

ఈ పద్ధతి ఎలా వచ్చింది?

హోమియో వైద్యానికి ఆద్యుడు శామ్యూల్ హానిమన్. 1755లో జర్మనీలోని మైసెన్ పట్టణంలో జన్మించాడు. 1790లో ఆయన సింకోనా బెరడును తానే తిని చూడగా చలిజ్వరం లక్షణాలు పొడసూపినట్లు తోచింది. చలిజ్వరాన్ని తగ్గించే బెరడు ఆరోగ్యవంతుడిలో అదే జ్వర లక్షణాలను పుట్టిస్తున్నదని ఆయన తలచాడు. ఉష్ణం ఉష్ణేన శీతలం అని మనవాళ్లు చెప్పుకొనే సూత్రం అక్కడ మొదలైంది. 1810లో ‘ఆర్గనాన్’ అనే గ్రంథంలో తన సిద్ధాంతాన్ని వివరించాడు. ఆ కాలపు ఐరోపా వైద్యులు రోగికి నెత్తురు తీయించడం, పాదరసం తినిపించడం వంటివి చేసేవారు. అటువంటి చికిత్సతో పోల్చుకుంటే హానిమన్ మందుతో రోగికి హాని తక్కువన్న మాట కాదనలేం.

తరువాత అమెరికాలో జేమ్స్ టైలర్ కెంట్ (1849-1916) అనే వైద్యుడు రోగి మానసిక లక్షణాలకు అగ్రస్థానం ఇచ్చాడు. ఆ బాటలోనే ఒక్కొక్క మందుకు ఒక్కొక్క మనిషి బొమ్మ స్థిరపడింది. పల్సటిల్లా అంటే మెత్తని మనసు, చిటికెలో కంటతడి, నలుగురు ఓదారిస్తే ఊరట. ముష్టి గింజల నుంచి తీసే నక్స్ వామికా అంటే ముక్కోపి, పనిలో పడితే నిద్రాహారాలు మరిచేవాడు, కాఫీ, సారాల మీద రోజు గడిపేవాడు. నేట్రం మూర్ అంటే మరేమీ కాదు, మన వంటింటి ఉప్పే. దుఃఖాన్ని కడుపులో దాచుకొని, ఓదార్చబోతే మండిపడేవారికి అది ఇస్తారు. ఆల్చిప్ప నుంచి తీసే కల్కేరియా కార్బ్ ఒళ్లు చేసి, మందకొడిగా ఉండి, చలికి తాళలేనివారికి. గంధకం, అనగా సల్ఫర్, మాసిన బట్టలతో తిరుగుతూ పెద్ద వేదాంతం చెప్పేవారికి.

ఈ బొమ్మలు చదువుతుంటే మన వీధిలోని మనుషులే కళ్లముందు కదులుతారు. అందులోనే ఆకర్షణ ఉంది. చిక్కు కూడా అందులోనే ఉంది. కోపం రాని మనిషి ఎవరు? ఏడవని మనిషి ఎవరు? సోది చెప్పే ఎరుకలసాని నీ మనసు మంచిది, నీ చేతికి యశస్సు లేదు అంటే ప్రతివారూ నిజమేనని తల ఊపుతారు. ప్రతివారికీ కాస్తో కూస్తో సరిపోయే వర్ణన చదివి, ఇది నా కోసమే రాశారనుకోవడం మానవ సహజం.

ఇక్కడ మరొక సంగతి గమనించాలి. ముష్టి గింజలోనూ, దాని బంధువైన ఇగ్నేషియా గింజలోనూ ఉండే ముఖ్యమైన విషం ఒక్కటే. దాని పేరు స్ట్రిక్నిన్. అయినా మొదటిది కోపిష్టికి, రెండోది దుఃఖితురాలికి కేటాయించారు. ఒకే విషం ఒకచోట కోపానికి, మరొకచోట దుఃఖానికి మందెలా అయిందని అడిగే హక్కు రోగికి ఉంది.

చెవి ఒగ్గి వినడమే అసలు బలం

హోమియో వైద్యుడి వద్దకు మనవాళ్లు ఎందుకు వెళతారు? మొదటి కారణం ఆయన తీరికగా వింటాడు. నిద్ర ఎలా పడుతున్నది, కలలేమి వస్తున్నవి, ఎండ పడుతుందా, కోడలితో ఎలా ఉన్నది అని గంటసేపు అడుగుతాడు. ఎన్నేళ్లుగానో ఎవరూ అడగని మాట అడిగిన మనిషి ముందు సగం బాధ దిగిపోవడంలో వింత లేదు.

ఇది ఊహ కాదు. ఇంగ్లండులోని సౌత్‌హాంప్టన్ పరిశోధకులు కీళ్లవాతం రోగులు 83 మందితో జరిపిన పరీక్ష ఫలితాలు 2011లో ప్రచురితమయ్యాయి. కొందరికి హోమియో వైద్యుడి సంప్రదింపు ఉంది, కొందరికి లేదు. కొందరికి అసలు మందు, కొందరికి మందు లేని ఉత్త గుళికలు ఇచ్చారు. తేలిందేమంటే, వైద్యుడితో తీరికగా మాట్లాడినవారికి కొంత మేలు జరిగింది. గుళికల్లో మందు ఉన్నా లేకపోయినా తేడా కనబడలేదు. అంటే మేలు చేసింది ఆ చెవి, ఆ ఆదరణ.

గుళికలో ఏముంది?

హోమియో మందు తయారీ మెట్లు మెట్లుగా సాగుతుంది. ఒక చుక్క మందును 99 చుక్కల సారాయి ద్రవంలో కలిపి కుదుపుతారు. అందులో ఒక చుక్క తీసి మళ్లీ 99 చుక్కల్లో కలుపుతారు. ఇలా ఆరుసార్లు చేస్తే, సుమారు 12 ఎకరాల చెరువులో మీటరు లోతు నీరుండగా అందులో ఒక్క చుక్క మందు వేసినట్లు లెక్క. 12వ మెట్టుకు వెళ్లేసరికి బంగాళాఖాతం నీరంతా కూడా చాలదు. ఆ మెట్టు దాటితే మూల పదార్థపు అణువు ఒక్కటైనా మిగిలే అవకాశం దాదాపు లేదు. మనకు తరచు ఇచ్చే 30వ పొటెన్సీ అంటే 1 పక్కన 60 సున్నాలు వేసినంత పలచన. పదార్థం పోయినా కుదుపుడువల్ల శక్తి మిగులుతుందని హోమియో వైద్యులు అంటారు. ఆ శక్తిని కొలిచి, ఎవరు కొలిచినా ఒకే రీతిగా వచ్చేలా చూపినవారు లేరు.

2005లో ‘లాన్సెట్’ పత్రికలో వచ్చిన పరిశీలన 110 హోమియో పరీక్షలను, 110 ఇంగ్లీషు వైద్య పరీక్షలను పోల్చి, హోమియో ఫలితం ఉత్త గుళికల ఫలితాన్ని మించలేదని అభిప్రాయపడింది. 2014లో మనిషినిబట్టి మందిచ్చే పద్ధతి మీదనే జరిగిన మరో పరిశీలనలో స్వల్ప ప్రయోజనం అగుపించింది. అయితే ఆధారాల నాణ్యత తక్కువ కనుక గట్టిగా చెప్పలేమని ఆ పరిశోధకులే హెచ్చరించారు. ఏ జబ్బుకూ హోమియో పనిచేస్తుందనే నమ్మదగిన ఆధారం లేదని 2015లో ఆస్ట్రేలియా ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి తేల్చింది.

స్వభావమే రోగమైతే?

అసలు ప్రమాదం మరొకచోట ఉంది. మనిషి గుణం అనుకున్నది చాలాసార్లు రోగ లక్షణం కావచ్చు.

ఒక ఇల్లాలు ఏడాదిగా ఒళ్లు చేస్తున్నది. చలికి ఓర్వలేదు. పనిలో మందకొడి అయింది. మలబద్ధకం, జుట్టు రాలడం, ఏదో దిగులు. ఇది అచ్చంగా కల్కేరియా బొమ్మ. అయితే గొంతు దగ్గర ఉండే థైరాయిడ్ గ్రంథి సరిగా పనిచేయనప్పుడు కూడా మనిషి ఇలాగే ఉంటుంది. రక్తపరీక్షతో అది బయటపడుతుంది. రోజూ ఒక చిన్న మాత్రతో చాలామంది మామూలు మనుషులవుతారు. అదే గ్రంథి అతిగా పనిచేస్తే మనిషి చిక్కిపోతాడు, ఒళ్లు వేడి, గుండెదడ, ముక్కుమీద కోపం. దాన్ని ముక్కోపి స్వభావమని గుళికలిస్తే రోగం లోపల ముదురుతుంది.

రక్తం తక్కువైన ఆడపడుచు నీరసించి విసుక్కుంటుంది. చక్కెర జబ్బుకు మందు వాడుతున్న పెద్దాయనకు చక్కెర ఒక్కసారిగా పడిపోతే చెమటలు పట్టి, అయినదానికీ కానిదానికీ కేకలు వేస్తాడు. అప్పుడు కావలసింది వెంటనే ఇంత పంచదార నీరు. మనిషి స్వభావం ఉన్నట్టుండి మారిందంటే దానిని స్వభావమని సరిపెట్టుకోరాదు. తక్షణం పరీక్ష చేయించాలి.

పంట పోయి, అప్పు మెడకు చుట్టుకొని, అరుగు మీద మూగగా కూర్చున్న రైతు సంగతి చూడండి. నిద్ర లేదు, తిండి సయించదు, పలకరిస్తే కసురుకుంటాడు. అతడిని దుఃఖం దాచుకొనే ఉప్పు స్వభావమని గుళికలిచ్చి ఇంటికి పంపడం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. ఇంట్లో పురుగుమందు డబ్బా ఉంటుంది. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా, ఆ డబ్బా చేతికందకుండా చేసి, మానసిక వైద్యుడి వద్దకు తీసుకువెళ్లాలి. ఇందుకోసం 14416 నంబరుకు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడే ఏర్పాటు ఉంది.

క్షయ క్రిమి మనిషి సాత్వికుడా, కోపిష్టా అని చూడదు. పాము విషమూ చూడదు. క్షయ, మలేరియా, పసిపిల్లల విరేచనాల వంటి వాటికి హోమియోను నమ్ముకోరాదని 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు హెచ్చరించిన సంగతి ఇక్కడ గుర్తు చేయడం అవసరం.

నాకు తగ్గింది కదా అంటే?

మా అబ్బాయి జలుబు గుళికలతో తగ్గింది కదా అని చాలామంది అంటారు. జలుబు వారం రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. కీళ్లనొప్పి, తలనొప్పి, దురద వంటివి ఎక్కువవుతూ, తగ్గుతూ ఉంటాయి. బాధ ఎక్కువైన రోజునే మనం వైద్యుడి వద్దకు పోతాం కనుక ఆ తరువాత వచ్చే తగ్గుదలకు గుళికకే పేరు వస్తుంది. కాకి వాలడం, తాటిపండు రాలడం వంటి సంగతి ఇది.

ప్రభుత్వమే కళాశాలలు నడుపుతున్నది, 1973లో చట్టం చేసింది, 2020లో జాతీయ హోమియో కమిషన్ చట్టం తెచ్చింది, ఇంకా అనుమానమేమిటని మరికొందరి వాదన. చదువు ఎలా ఉండాలో, వైద్యం చేయడానికి ఎవరికి అర్హత ఉందో ఆ చట్టాలు చెబుతాయి. ఫలానా గుళిక ఫలానా రోగాన్ని నయం చేస్తుందని పూచీ పడవు.

చేయవలసిందేమిటి?

దీనర్థం హోమియో వైద్యులందరినీ తప్పుపట్టడం కాదు. రెండు వారాలు మించిన దగ్గు, సాయంకాలపు జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, గుండెనొప్పి, మూర్ఛ, గర్భిణికి కాళ్లవాపు, పిల్లల విరేచనాలు, పాము కాటు, ఇవి కనబడిన తక్షణం రోగిని ఆసుపత్రికి పంపే హోమియో వైద్యుడు ఊరికి ఉపకారి. అత్యవసరమైతే 108కి ఫోను చేయాలి. చక్కెర, రక్తపోటు, మూర్ఛ, థైరాయిడ్ మాత్రలను ఎవరు చెప్పినా, ఇచ్చిన డాక్టరును అడగకుండా మానరాదు. గుళికల సీసా మీద మందు పేరు, పొటెన్సీ రాసి ఇమ్మని అడగాలి. పేరు లేని పొడి, రంగు మాత్ర ఎవరిచ్చినా పుచ్చుకోరాదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు కూడా ఒక మనవి. రోగి నోరు తెరిచేలోగా చీటీ చేతిలో పెట్టి పంపితే ఆ రోగి వినే మనిషిని వెతుక్కుంటూ పోతాడు. అది రోగి నేరం కాదు. ఒక్క వైద్యుడి ముందు బారులు తీరిన జనం ఉన్నప్పుడు తీరిక ఎక్కడిదని వారు అడగవచ్చు. నిజమే. కనుక తగినంత మంది డాక్టర్లను, నర్సులను నియమించే బాధ్యత ప్రభుత్వానిది. రోగితో మాట్లాడే సమయం కూడా చికిత్సలో భాగమేనని సంబంధిత అధికారులు గుర్తించాలి.

మనిషి గుణమెరిగి మాట్లాడటం వైద్యుడికి అలంకారం. ఆ పని అన్ని వైద్యాలవారూ నేర్వదగినదే. అయితే మందును మాత్రం రోగాన్ని పరీక్షించి, దానికి పనిచేస్తుందని రుజువైనదాన్నే ఇవ్వాలి. ఈ రెండూ ఒకే ఆసుపత్రిలో దొరికిన నాడు పల్లెవాసి ఆదరణ కోసం ఒక చోటికి, మందు కోసం మరొక చోటికి తిరగవలసిన అగత్యం ఉండదు.