మన ఇల్లు: జూన్ 26 పళ్ళెం



పోయిన నెల శ్రీరంగాపూర్ వెళ్ళాను. రంగసముద్రం చెరువు, రంగనాయకస్వామి గుడి గోపురం గల ఆ ఊళ్ళోనే మా చిన్నమ్మ కాపురం. ఆమె ప్రభువునందు నిద్రించి ఏడాది నిండింది. జ్ఞాపకార్థ కూడిక ముగిసి అందరూ భోజనాలకు లేచినా, ఆమె కొడుకులిద్దరూ చెరో మూల కూర్చుండిపోయారు. పొలం ఎప్పుడో పంచుకున్నారు. ఇప్పుడు తగవంతా ఒక పింగాణీ పళ్ళెం గురించి!

"అక్కా, హైదరాబాదు నుంచి వచ్చినాయన దీనికి లక్ష రూపాయలొస్తయన్నడంట. అన్న నాతోని ఒక్క మాటన్న చెప్పలే" అన్నాడు చిన్నవాడు.

"అమ్ముతనని నేనెప్పుడన్న?" అని పెద్దవాడు గోడకేసి చూస్తూ అన్నాడు.

వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో ఒకప్పుడు మిషన్ బంగళాలుండేవి గదా. అలాంటి బంగళాలో మా చిన్నమ్మ వంట చేసేది. దొరసాని వెళ్ళిపోతూ ఆ పళ్ళెం ఆమె చేతిలో పెట్టింది. నేను దాన్ని తెప్పించి వెలుతురులో చూశాను. నీలం రంగులో రాజు, రాణి బొమ్మలు. కింద తేదీ: జూన్ 26, 1902.

ఏడవ ఎడ్వర్డ్ రాజు పట్టాభిషేకానికి పెట్టిన ముహూర్తం అది. కాని ఆ నాటికి రాజుకు పట్టాభిషేకం జరగనే లేదు. రెండు రోజుల ముందు, జూన్ 24న, కడుపులో చీముగడ్డకు ఆపరేషన్ చేయవలసి వచ్చింది. ఆగస్టు 9న కిరీటం పెట్టారు. అప్పటికే జూన్ తేదీతో కప్పులు, పళ్ళెములు విస్తారంగా తయారై ఇళ్ళకు చేరిపోయాయి. కనుక జూన్ తేదీ ఉన్నవి అరుదైనవి కావు. ఆగస్టు తేదీ ఉన్నవే తక్కువ.

ఇంత విస్తారంగా ఎలా చేశారంటారా? రాగి రేకు మీద బొమ్మ చెక్కి, రంగు పూసి, పల్చటి కాగితం మీదికి అచ్చు తీస్తారు. ఆ కాగితాన్ని ఒకసారి కాల్చిన పళ్ళెం మీద పరచి గట్టిగా రుద్ది, నీళ్ళతో కడిగేస్తారు. బొమ్మ మిగులుతుంది. పైన గాజు పూత పూసి మళ్ళీ కాలుస్తారు. 1756లో లివర్‌పూల్‌లో శాడ్లర్, గ్రీన్ అనే ఇద్దరు ఆరు గంటల్లో 1,200కు పైగా పలకలు అచ్చు వేశామని ప్రమాణం చేసి చెప్పారు. చేత్తో చిత్రించిన సామాను చూడాలంటే సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్ళాలి. అచ్చు పింగాణీ మాత్రం సామాన్యుల ఇళ్ళలోకి వచ్చింది.

దానితో మంచి పనులూ జరిగాయి. 1820లలో ఇంగ్లండులో బానిసత్వాన్ని ఎదిరించిన స్త్రీలు, బానిసలు పండించని చక్కెర అని రాసి ఉన్న గిన్నెలను బల్ల మీద పెట్టుకునేవారు. ఇంటికి వచ్చినవారికి ఆ గిన్నే ప్రసంగం చేసేది. 1833లో పార్లమెంటు బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం చేసింది.

మీ ఇంట్లోనూ ఇలాంటివి ఉంటే వెనక్కి తిప్పి చూడండి. ఇంగ్లండ్ అని దేశం పేరు ఉంటే సాధారణంగా 1891 తరువాతది. అంచున పూలతీగ ఒకచోట సరిగా కలవకపోతే అది కాగితం అతుకు. అంటే అచ్చు సామానే. బూడిద, ఇసుక వేసి తోమకండి, బంగారు గీత పోతుంది. పాత పూతలో సీసం ఉండవచ్చు కనుక పులుసు, ఊరగాయ వడ్డించకండి.

తమ్ముళ్ళకు ఇదంతా చెప్పి, "అంచు ముక్క పోయింది, మధ్యలో పగులుంది. లక్ష మాట మరచిపొండి" అన్నాను. ఇద్దరూ మాట్లాడలేదు. కాసేపటికి పెద్దవాడు, "ఆ ముక్క నేనే పోగొట్టిన. అమ్మ కొట్టలే" అన్నాడు. చిన్నవాడు తల దించుకున్నాడు.

చిన్నమ్మ క్రిస్మస్‌నాడు అరిసెలు ఆ పళ్ళెంలోనే పొరుగిళ్ళకు పంపేది. హిందువులైనా, ముసల్మానులైనా ఖాళీ పళ్ళెం తిరిగి పంపలేదు. బెల్లమో, పండో, ఏదో ఒకటి వేసి పంపేవారు.

మొన్న పెద్దవాడి భార్య ఫోన్ చేసింది. ఏమీ అనకుండా ఆ పళ్ళెం నిండా అరిసెలు పెట్టి మరిది ఇంటికి పంపిందట. "తిరిగొచ్చిందా, అమ్మా?" అనడిగాను. "ఇంకా రాలేదు అత్తమ్మా" అన్నది.

వస్తుంది. మా చిన్నమ్మ పెంచిన పిల్లవాడు ఖాళీగా పంపడు. అందుకే ఆలస్యమవుతున్నదనుకుంటున్నాను.

మీ పెద్దవాళ్ళ సామాను ఎవరిచ్చారో, ఎప్పుడిచ్చారో ఈ వారమే అడిగి, కాగితం మీద రాసి అందులోనే పెట్టండి. అడగడానికి మాకిక చిన్నమ్మ లేదు.