ఇదంతా మామూలేనా?

మన ఊర్లలో ఒక మాట తరచుగా వినబడుతుంది. ‘ఇదేం కొత్తనా, మామూలే గదా!’ దొర ఎదురొస్తే సైకిల్ దిగుడు మామూలే. పెండ్లి బంతిలో వాడోళ్లు ఆఖరుకు కూసునుడు మామూలే. తాత వయసున్న మనిషిని పదేండ్ల పిలగాడు ‘ఒరేయ్ ఎల్లిగా’ అని పిలుసుడు మామూలే. పట్నంలో అయితే పనిమనిషికి గ్లాసు వేరే పెట్టుడు మామూలే. ఇల్లు కిరాయికి అడిగితే కులం అడుగుడు మామూలే. మన బతుకులను నడిపిస్తున్న ఈ ‘మామూలు’ గురించి ఈ సంచికలో మాట్లాడుకోదలిచాం.

కులం మాట వచ్చినప్పుడల్లా మనం మనుధర్మశాస్త్రం పేరెత్తుతాం. ఎత్తవలసిందే. కాని మన పల్లెల్లో మనుస్మృతి చదివినవాళ్లు ఎంతమంది? చెంబు పైకెత్తి దూరంనుంచి నీళ్లు పోసే ముసలమ్మ ఆ పుస్తకాన్ని కంటితో కూడా చూసి ఉండదు. ఆమెకు ఆ పని వాళ్లత్త నేర్పింది. దోసిలి పట్టి తాగడం మనవాడికి వాళ్ల నాయన నేర్పాడు. ఇద్దరికీ పుస్తకంతో పనిలేదు. ఒకరి చేతికి ఎత్తడం అలవాటైంది, ఇంకొకరి మెడకు వంగడం అలవాటైంది. కులం ఇవాళ బతికి ఉన్నది శ్లోకాల్లో కన్నా ఈ చేతుల్లో, ఈ మెడల్లో, ఈ నాలుకల మీద ఎక్కువ.

పట్నం వస్తే ఇదంతా పోతుందని మన పెద్దలు ఆశపడ్డారు. హయత్‌నగర్‌నే తీసుకుందాం. విజయవాడ రోడ్డు మీది ఊరు. కుతుబ్‌షాహీల కాలంలో హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలిసింది. 2007లో గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ ఏర్పడింది, ఊరు నగరమైంది. 2018లో ఎల్బీనగర్ దాకా మెట్రో రైలొచ్చింది. పంట భూములు ప్లాట్లయినై, ప్లాట్లు అపార్ట్‌మెంట్లయినై. నల్లగొండ, ఖమ్మం, పాలమూరు జిల్లాల నుంచి జనం బతుకుదెరువుకు వచ్చి ఇక్కడ ఇండ్లు కట్టుకున్నారు, కిరాయికుంటున్నారు. బీరువాలు, మంచాలతో పాటు అలవాట్లు కూడా అదే డీసీఎంలో ఎక్కి వచ్చినై.

రోడ్డు మీది చాయ్ హోటల్లో ఇప్పుడు రెండు గ్లాసులు లేవు. కాగితం కప్పు వచ్చింది. ఎవరు తాగినా అదే బుట్టలో పడేస్తారు. మంచిదే. కాని ఆ హోటల్ వెనకనున్న కాలనీలోకి పోయి చూడండి. గిన్నెలు తోమే అక్క గ్లాసు కిటికీ మూలకు బోర్లించి ఉంటుంది. ఆమె తోమిన గిన్నెలో వండుకుంటారు, ఆమె తాగిన గ్లాసు మాత్రం పనికిరాదు. ఇందులో అర్థం వెతికితే దొరకదు. అలవాటుకు అర్థంతో పనిలేదు.

ఇక టు-లెట్ బోర్డు సంగతి. బోర్డు మీద కులం రాయరు, ‘శాకాహారులకు మాత్రమే’ అని రాస్తారు. అది లేనిచోట మాటల్లో అడుగుతారు. ‘ఎంతమంది ఉంటరు?’ ‘నలుగురం.’ ‘పనేంది?’ ‘గవర్నమెంటు నౌకరి.’ ‘సంతోషం. ఇంటిపేరేంది? మీరేమిట్లు?’ చెప్పిన తెల్లారి ఫోనొస్తుంది: ‘ఏమనుకోకండి, మా తమ్ముడే వస్తనంటున్నడు.’ తిట్టలేదు, కొట్టలేదు. మర్యాదగా గేటు మూసేశారు. హయత్‌నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా ఎన్ని వందల గేట్లు ఇంత మర్యాదగా మూసుకుంటున్నాయో మన ఉద్యోగస్తులను అడిగితే చెప్తారు.

ఇవన్నీ చిన్న విషయాలనీ, వీటిని పట్టుకుని వేలాడొద్దనీ మనకు హితవు చెప్పేవాళ్లున్నారు. చిన్న విషయాలేనా? 1985 జులైలో కారంచేడులో గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగలు తాగే చెరువు నీళ్లను కమ్మ పిల్లలు బర్రెల కుడితి బకెట్లు కడిగి పాడు చేస్తుంటే వద్దన్న దగ్గర. వద్దన్నవాళ్ల మీదికి కర్రలు లేస్తే, నీళ్లకొచ్చిన మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తి అడ్డుకుంది. ఆ బిందె ఎత్తినందుకు జులై 17న మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్లను చెరిచారు. 1991లో చుండూరులో ఏం జరిగింది? సినిమా హాల్లో చదువుకున్న మాల పిల్లగాడి కాలు ముందు సీట్లోని రెడ్డికి తగిలింది. ఆ కాలు పేరు చెప్పి ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలువలో వేశారు. 2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడలో, ఆసుపత్రి గేటు ముందు, కట్టుకున్న భార్య కండ్ల ముందే ప్రణయ్‌ని నరికించారు. వైశ్యుల పిల్ల దళితుని పెండ్లాడటమే ఆయన చేసిన నేరం.

ఒక బిందె, ఒక కాలు, ఒక పెండ్లి. చంపినవాళ్లకు అవి చిన్న విషయాలుగా కనబడలేదు. మనం వంగి ఉన్నన్నాళ్లూ వాళ్లు ‘మా ఊర్లో కులపిచ్చి లేదు’ అనే అంటారు. అవతలివాడు లేచి నిలబడ్డ నాడే వాళ్ల అలవాటు కోర పెరుకుతుంది. అందుకే మేమంటున్నాం: అలవాటంటే గొడ్డలికి పట్టిన మూట లాంటిది. మూట విప్పే అవసరం రానన్నాళ్లు లోపలేముందో కనబడదు.

చట్టాలు లేవా? ఉన్నాయి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో చట్టం వచ్చింది, అదే తర్వాత పౌరహక్కుల పరిరక్షణ చట్టమైంది. హోటల్లో, మంగలి షాపులో, గుడిలో, బావి దగ్గర అడ్డుపెడితే నేరం. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది, 2015లో దాన్ని ఇంకా గట్టి చేశారు. ఇవన్నీ పోరాడి తెచ్చుకున్నవి, ఒక్క అక్షరం కూడా వదులుకోవలసిన పనిలేదు. కాని అమలు ఎట్లుంది? చుండూరు కేసులో 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేస్తే, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ప్రణయ్ కేసులో 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం వేసింది. అది ఆరున్నరేండ్ల తర్వాత, ఒక ప్రాణం పోయిన తర్వాత. చట్టం హత్య జరిగినంక వస్తుంది. కిటికీ మూలన బోర్లించిన గ్లాసు మీద కేసు పెట్టాలంటే ఏ ఎస్సై రాసుకుంటాడు?

కాబట్టి అలవాటు ఎక్కడ పుడుతుందో అక్కడే పట్టుకోవాలి. అది పుట్టేది ఇంట్లో, ముదిరేది బడిలో. బాల అంబేద్కర్ సతారా బడిలో గోనెపట్టా వేసుకుని విడిగా కూర్చున్నాడు. నౌకరు వచ్చి పోస్తేనే నీళ్లు, రాకపోతే దాహమే. ఇప్పుడు గోనెపట్టా లేదు. కాని గది ఊడ్చడానికి ఏ పిల్లల పేర్లు పిలుస్తున్నారో పంతుళ్లమైన మేము గమనిస్తూనే ఉన్నాం. ప్రార్థన పాట పాడేందుకు ఒక రకం పిల్లలు, చీపురు పట్టేందుకు ఇంకో రకం పిల్లలు. మధ్యాహ్న భోజనం వండే అమ్మ మాదిగామె అయితే ఇంటినుంచి డబ్బా తెచ్చుకునే పిల్లలున్నారు. ఏడేండ్ల పసిదానికి ఏం తెలుసు? అన్నంతో పాటు కులాన్ని కూడా డబ్బాలో కట్టి పంపింది ఇంట్లోవాళ్లు.

ఇక్కడొక కొంటె మాటకు జవాబు చెప్పాలి. ‘మీ అలవాట్లు మార్చుకోండి, శుభ్రంగా ఉండండి, తాగుడు మానండి, అప్పుడు మిమ్మల్నెవరు కాదంటరు?’ అని సుద్దులు చెప్పేవాళ్లు మనకు కొత్తగాదు. వాళ్లను ఒకటే అడుగుదాం. చుండూరు పిల్లగాడు చదువుకున్నవాడే, ప్రణయ్ చదువుకున్నవాడే, మరి వాళ్ల విషయంలో ఏమైంది? మన పేదరికం మన అలవాట్ల వల్ల రాలేదు. భూమి లేకుండా చేసి, వెట్టి చేయించి, బడికి దూరంగా ఉంచి పేదలను చేశారు. కాలువ తవ్వినోడికి మట్టంటుకున్నదని ఎగతాళి చేసినట్టుంది వాళ్ల నీతి.

వాళ్ల నీతులు వాళ్లకే వదిలేసి, మనవైపు మనం చూసుకుందాం. వాళ్ల కోసం కాదు, మన కోసం. 1927 డిసెంబర్‌లో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన సంగతి అందరికీ గుర్తుంది. ఆ సభలప్పుడే అంబేద్కర్ ఆడవాళ్లతో వేరుగా మాట్లాడాడు. అంటరానివాళ్లని దూరంనుంచే గుర్తుపట్టేలా చేసే కట్టూబొట్టూ, బరువు కడియాలూ వదిలేయమన్నాడు, ఆడపిల్లల్ని బడికి పంపమన్నాడు. ఆ తల్లులు వెంటనే చీరకట్టు మార్చి చూపించారు. మన హైదరాబాద్‌లో అంతకుముందే, 1906లో, భాగ్యరెడ్డి వర్మ జగన్మిత్ర మండలి పెట్టాడు. తాగుడు మీద, జోగినీ దురాచారం మీద వాడవాడ తిరిగాడు. మాటలు చెప్పి ఊరుకోలేదు. 1910లో ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో మన పిల్లలకు బడులు తెరిచాడు. 1917లో బెజవాడలో ‘పంచమ’ పేరుతో సభ పిలిస్తే, అధ్యక్షుడుగా పోయి ఆ పేరే మార్పించాడు. మేము అయిదో కులం కాదు, ఈ నేల మొదటి మనుషులం, ఆది ఆంధ్రులమని చెప్పించాడు. ఇతరులు పిలిచిన పేరుకు పలకడం కూడా ఒక అలవాటే. దాన్ని విరిచినవాడు ఆయన.

ఆయన వారసులమని చెప్పుకునే మనలో ఏం జరుగుతున్నది? మాలవాడలో మాదిగకు, మాదిగవాడలో డక్కలోళ్లకు కంచం పొత్తు ఉందా? పైవాడు మనకు చేసేదే మనం కిందివాడికి చేస్తే, పైవాడి అలవాటుకు మనమే కాపలా కాసినట్టు. అడ్డా మీద కూలి దొరికిన నాడు సగం పైసలు సీసాకు పోతే, రాత్రి దెబ్బలు తినేది ఆ ఇంటి ఆడమనిషి. ఆమె కూడా పగలంతా ఇటుకలు మోసింది. ఇంట్లో అందరూ తిన్నాక గిన్నె అడుగు ఊడ్చుకునేది ఆమెనే. ఊరి బంతిలో ఆఖరుకు కూర్చోబెట్టడం తప్పయితే ఇంటి బంతిలో కూడా తప్పే.

ఉద్యోగాలొచ్చి కాలనీలకు చేరినవాళ్లది వేరే కథ. ఇంటిపేరు దాస్తారు. గోడ మీద బాబాసాహెబ్ ఫోటో చుట్టాలొస్తే లోపలి గదిలోకి పోతుంది. అమ్మ ఊరినుంచి వస్తే ‘పక్కింటోళ్లతో ఎక్కువ మాట్లాడకు’ అంటారు. కిరాయిల్లు దొరకాలె, పిల్లలకు అవమానం జరగొద్దు, అందుకే దాస్తున్నారు. వాళ్ల భయం మాకు అర్థమైతది. కాని పిల్లలు దీనినుంచి ఏం నేర్చుకుంటున్నారు? అమ్మమ్మ అంటే సిగ్గుపడటం నేర్చుకుంటున్నారు. దాచడం ఒక తరంలో జాగ్రత్త, రెండో తరంలో సిగ్గు, మూడో తరంలో తనవాళ్ల మీదే అసహ్యం.

అయితే ఒక్కొక్కరిని పట్టుకుని ‘ధైర్యంగా ఉండు’ అనడం సులువు. ఒంటరిగా చెప్పులేసుకుని దొర ఇంటి ముందునుంచి నడిచినవాడు దెబ్బలు తింటాడు. ఒంటరిగా కులం చెప్పినవాడు సాయంత్రానికి ఇల్లు ఖాళీ చేస్తాడు. అలవాట్లు ఒంటరిగా మారవు. 1940లలో నల్లగొండ, వరంగల్ పల్లెల్లో ‘బాంచెన్ నీ కాల్మొక్త’ అనే మాట జనం నోట్లోనుంచి ఊరికే పోలేదు, సంఘం పెట్టుకున్నంకనే పోయింది. కారంచేడు మాదిగలు రాజీపడి మళ్లీ ఆ ఊరి గడపలకు పోలేదు. చీరాలలోనే ఉండిపోయి సొంత కాలనీ కట్టుకున్నారు. చుండూరు జనం తమవాళ్ల శవాలను నడిఊర్లో పాతిపెట్టి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు, కోర్టును ఊర్లోకే రప్పించుకున్నారు. తల వంచే అలవాటు మందితో కలిసి పోయింది. ఇకముందు కూడా అట్లనే పోతుంది.

కాబట్టి ఈ పక్షం ప్రతి సంఘం నాలుగు పనులు చేయాలని కోరుతున్నాం. ఒకటి, మీ ఊర్లో, మీ కాలనీలో ‘మామూలే’ అని సాగుతున్న వాటిని ఒక నోటుబుక్కులో రాయండి. ఏ హోటల్, ఏ మంగలి షాపు, ఏ గుడి, ఏ బడి, ఏ మాట. నెలాఖరున జరపవలసిన పౌరహక్కుల దినం నాడు తహసిల్దార్, ఎస్సైల ముందు అందరూ కలిసి చదవండి. ఆ దినం కాగితాల మీదే జరుగుతుంటే నిలదీయండి. రెండు, మాల, మాదిగ, ఉపకులాలవాళ్లు ఒకరి వాకిట్లో ఒకరు కలిసి తినండి, వడ్డన మగవాళ్లు చేయండి, ఆడవాళ్లు మొదటి బంతిలో కూర్చోండి. మూడు, పంతుళ్లు చీపురు వంతులు అన్ని కులాల పిల్లలకూ, మగపిల్లలకూ వేయండి. నాలుగు, కాలనీల్లో ఉన్నవాళ్లు కనీసం పదిళ్లు కలిసి నెలకోసారి కూర్చోండి. కిరాయిల్లు దొరకనివాళ్లకు తోడు పొండి. ఫోటో ముందు గదిలో పెట్టండి.

నోటుబుక్కులో రాసినవి మాకు కూడా పంపండి, అచ్చు వేస్తాం. పంపేటప్పుడు ఒక్క మాట మాత్రం కొట్టేసి పంపండి. ‘మామూలే’ అన్నది.