‘లేదు’ అని చెప్పని సిస్టమ్

హిందూపురంలో మా మామయ్యకి డీటీపీ షాపు ఉంది. పెళ్లి పత్రికలు, గృహప్రవేశం కార్డులు, ఫ్లెక్సీలు. పాత కంప్యూటర్ మరీ నెమ్మదించిందని పోయినేడాది నేనే దాంట్లో లినక్స్ వేసిచ్చాను. అప్పట్నుంచి ఏం తేడా వచ్చినా ఫోన్ నాకే.

మొన్న శుక్రవారం రాత్రి కూడా వచ్చింది. "అల్లుడూ, ధర్మవరం ఇరిగిపోయిందిరా!"

సంగతేమిటంటే, ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఒక ఇంట్లో పెళ్లి. పత్రిక నమూనా వాట్సాప్‌లో పంపితే పెళ్లికూతురి తాత కళ్లజోడు పెట్టుకుని చూశాడట. "మా ఊరి పేరే సరిగ్గా కొట్టలేదు, ఇంగ పత్రికేం జేస్తారప్పా మీరు?" అన్నాడట. పైన పెద్దక్షరాల్లో ‘ర్మ’ అని కలవాల్సిన చోట పొల్లుతో ‘ర్’ ఒకటి, దాని పక్కన ఏ సంబంధం లేనట్టు ‘మ’ ఒకటి. సోమవారం ఐదొందల కార్డులు ప్రింటుకి పోవాలి. ముప్పై ఏళ్లుగా అక్షరాలతోనే బతుకుతున్న మనిషికి అది చిన్న మాట కాదు.

శనివారం పొద్దున బెంగళూరులో రైలెక్కి హిందూపురంలో దిగాను.

మామయ్య చేసిందేంటంటే, డబ్బాలోంచి ఫాంటు ఎంచుకోకుండా తన నోట్‌బుక్కులో రాసుకున్న పేరు చూసి చేత్తో టైపు చేశాడు. ‘శ్రీ కృష్ణదేవరాయ’ ఫాంటు. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఆ సిస్టమ్‌లోనూ ఉంది. కానీ దాన్ని తయారుచేసినవాళ్లు ఇంగ్లిష్‌లో ‘క్రుష్ణ’ అని రాశారు. ఆర్ తర్వాత ఐ కాదు, యు. మామయ్య మనందరిలాగే ఐ కొట్టాడు. ఆ పేరుతో ఫాంటు లేదు. మరి సిస్టమ్ ఏం చేసింది? ‘లేదు’ అని చెప్పలేదు. చప్పుడు చేయకుండా ఇంకోటి తెచ్చి పెట్టింది. లిబ్రేఆఫీస్ మాత్రం డబ్బాలో పేరుని కాస్త వాలుగా చూపించింది. ఫాంటు దొరకలేదని చెప్పడం దానికి అంతే తెలుసు. ఆ వాలు ఎవరు చూస్తారు చెప్పండి.

ఈ పని చేసేది ఫాంట్‌కాన్ఫిగ్ అనే ప్రోగ్రామ్. 2000ల మొదట్లో కీత్ ప్యాకర్డ్ మొదలుపెట్టాడు. అంతకుముందు ఎక్స్ విండో రోజుల్లో ప్రతి ఫాంటు ఫోల్డర్‌లోనూ ‘ఫాంట్స్ డాట్ డిర్’ అని ఓ చిట్టా ఉండేది. మొదటి వరుసలో ఎన్ని ఫాంట్లున్నాయో అంకె, కింద వరుసకో ఫైలు పేరు, దాని పక్కన పద్నాలుగు గీతలతో చాంతాడంత ఫాంటు పేరు. కొత్త ఫాంటు వేసి చిట్టా మళ్లీ రాయించకపోతే సర్వర్ దాని మొహం కూడా చూడదు. కఠినమే. కానీ నిజాయితీగా లేదని చెప్పేది.

ఫాంట్‌కాన్ఫిగ్ తీరు వేరు. ధర్మవరంలో చీరల కొట్టుకి పోయి "ఈ రంగుకి మామిడి పిందెల అంచు కావాలి" అని అడిగి చూడండి. లేదమ్మా అని ఎవరన్నా అంటారా? దానికి దగ్గరగా ఉన్నవి నాలుగు పరుస్తారు. ఇదీ అంతే, కాకపోతే నాలుగు పరచదు, తనకి నచ్చింది ఒక్కటే కట్టబెడుతుంది. బిల్లు మీద మాత్రం మీరు అడిగిన పేరే ఉంటుంది!

అందుకే టెర్మినల్‌లో ఎఫ్‌సీ-మ్యాచ్ అని కొట్టి, పక్కన ఫాంటు పేరు కొట్టండి. అసలు ఏ ఫైలు ఇస్తోందో చెప్పేస్తుంది. మామయ్య రాసిన పేరు కొడితే బయటపడింది ఎప్పటిదో ఒక పాత తెలుగు ఫాంటు. పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చి ‘న్యూ’, ‘న్యూ2’, ‘ఫైనల్’ అనే ఫోల్డర్లలో మూడు కాపీలుగా కూర్చుంది.

ఇక్కడ నాకూ ఓ సందేహం వచ్చింది. పాతదైతే మాత్రం ‘ర్మ’ ఎందుకు విరగాలి? ఫాంట్‌కాన్ఫిగ్ ప్రతి ఫైలునీ ఒకసారి తెరిచి, లోపల ఏ అక్షరాలున్నాయో, ఏ భాషకి సరిపోతాయో రాసి పెట్టుకుంటుంది. వేల ఫైళ్లని ప్రోగ్రామ్ తెరిచినప్పుడల్లా చదువుతూ కూర్చోలేదు కదా, అందుకే ఈ చిట్టా. ఆ పాత ఫాంటులో ‘ర’ ఉంది, పొల్లు ఉంది, ‘మ’ ఉంది. కాబట్టి చిట్టాలో తెలుగు అని ఎక్కింది. కానీ ఆ మూడూ కలిస్తే ‘మ’ ఒత్తుగా మారాలనే నియమం ఫాంటులో ఉండాలి. అది లేదు. ఎఫ్‌సీ-క్వెరీ అని కొట్టి ఫైలు చూపిస్తే ‘కేపబిలిటీ’ అనే వరుసలో తెలుగు లేఅవుట్ ఉందో లేదో తెలుస్తుంది. మంచి ఫాంటుకి అక్కడ ‘టెలు’ అనో ‘టెల్2’ అనో కనిపిస్తుంది. దీనికి ఆ వరుసే లేదు.

తర్వాత ఎఫ్‌సీ-లిస్ట్‌ని తెలుగు ఫాంట్లు మాత్రమే చూపమన్నాను. పదకొండు వచ్చాయి. మామయ్య మొహం మాడిపోయింది. "వెయ్యికి పైన ఉండాయి కదరా నా దగ్గర!"

ఉన్నాయి. కానీ అవి యూనికోడ్ రాకముందు డీటీపీ పద్ధతివి. వాటిలో ఇంగ్లిష్ అక్షరాల గూళ్లలో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. చూసేవాళ్లకి తెలుగే, కంప్యూటర్‌కి మాత్రం ఏ బీ సీ డీలే. యూనికోడ్‌లో తెలుగుకి సొంత గూళ్లున్నాయి, 0సీ00 నుంచి 128. ఆ వెంటనే 0సీ80 దగ్గర కన్నడ మొదలవుతుంది, హిందూపురం దాటితే గౌరీబిదనూరు వచ్చినట్టు. వాట్సాప్‌లో వచ్చే తెలుగంతా యూనికోడే. దాన్ని ఆ పాత ఫాంట్లలో పోస్తే గూళ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి సిస్టమ్ మళ్లీ ఇంకో ఫాంటు వెతుక్కుంటుంది. మీ ఫోన్లోనూ జరిగేది ఇదే. ఆండ్రాయిడ్‌లో ఫాంట్ల వరుస ఒకటి రాసి ఉంటుంది, ఒకదాంట్లో అక్షరం లేకపోతే తర్వాతదాన్ని చూస్తుంది. ఎక్కడా లేకపోతే ఖాళీ డబ్బా. నన్నడిగితే ఆ డబ్బానే నయం, తప్పు జరిగిందని కనీసం తెలుస్తుంది.

సాయంత్రం దాకా సర్దాం. డీటీపీ ఫాంట్లన్నీ ఫాంట్‌కాన్ఫిగ్ చూసే ఫోల్డర్లలోంచి బయటికి. మామయ్య చెరపనివ్వలేదు, పెన్‌డ్రైవ్‌లో దాచాం. మూడు కాపీల పాత ఫాంటుకి సెలవు. మిగిలినవి హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ‘లోకల్’, దానిలో ‘షేర్’, దానిలో ‘ఫాంట్స్’లోకి. ఎఫ్‌సీ-క్యాష్ కొట్టి, లిబ్రేఆఫీస్ మూసి తెరిచాం. ఈ చివరి ముక్క మర్చిపోయి తల బాదుకునేవాళ్లే ఎక్కువ. తెరిచి ఉన్న ప్రోగ్రామ్ చాలాసార్లు పాత చిట్టాతోనే కూర్చుని ఉంటుంది.

ఆదివారం కొత్త నమూనా తీసుకుని ధర్మవరం బండెక్కాను. పీడీఎఫ్ పంపితే సరిపోయేది, మామయ్య ఒప్పుకోలేదు. పెనుకొండలో రైలాగినప్పుడు కిటికీలోంచి కొండ చూస్తూ కూర్చున్నాను. 1565 యుద్ధం తర్వాత విజయనగర రాజధాని ఈ కొండ కిందికే కదిలింది. రాయలు అప్పటికి లేడు, అష్టదిగ్గజాల కాలమూ అయిపోయింది. ఇప్పుడు పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ పేర్లన్నీ గూగుల్ ఫాంట్స్‌లో వరుసగా ఉంటాయి. మామయ్య చిట్టాలో పదకొండింట్లో నలుగురు వాళ్లే. రాయలవారే స్పెల్లింగ్ తప్పి సభకి రాలేకపోయారు.

తాత మగ్గం గుంటలోంచి లేచి వచ్చాడు. జరిగింది చెబితే నాకంటే తొందరగా అర్థం చేసుకున్నాడు. పైన వేలాడే జకార్డు అట్టలు చూపించి, "ఒగ అట్ట మారితే మగ్గం నిలబడదు నాయనా, నేస్తానే ఉంటాది. అంచులో హంస ఇరిగినాకే మనకి తెలిసేది" అన్నాడు.

తర్వాత కాగితం తీసుకుని ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి చదివాడు. ధర్మవరం దగ్గర ఆగి, తలూపి, కిందికి పోయాడు. మళ్లీ ఆగాడు.

"అక్షరాలు బాగుండాయి. మా వియ్యంకుని ఇంటిపేరే తప్పు కొట్టినారు."

బయటికొచ్చి మామయ్యకి ఫోన్ చేశాను.